ఊపిరి మారే చోటు

చెవుల మీద ఆ రెండు నల్లటి గిన్నెలు కూర్చోగానే పత్తర్‌గట్టి మీద ఎవరో దుప్పటి కప్పినట్టయింది. ఎదురుగా అత్తరు దుకాణం ముందు బేరమాడుతున్న ఆమె నోరు కదులుతూనే ఉంది, మాట లేదు. రిక్షావాడి బొటనవేలు గంట మీద ఆడుతూనే ఉంది, గంట లేదు. చార్మినార్ వైపు నుంచి వచ్చిన బస్సు రాతి కమాన్ల పక్కగా పొగ వదులుతూ పోయింది, పొగ ఉంది గాని రొద లేదు. లీలమ్మ ఉలిక్కిపడి గిన్నెలను రెండు చేతులతో పట్టుకుంది. నీళ్లలో మునిగినప్పుడు ఇట్లాగే ఉంటుంది, చిన్నప్పుడు మూసీలో ఒకసారి మునిగింది, అప్పుడు కూడా గట్టు మీద అమ్మ నోరు తెరిచి అరవడం కనబడింది గాని వినబడలేదు. అంతలో ఆ మౌనంలో, తల లోపలే, సరిగ్గా నుదురు వెనకాల, ఒక సినిమా పాట మొదలైంది. వైకుంఠం సేటు గల్లా వెనక నుంచి ఆమె ముఖాన్నే చూస్తూ వేలితో గాలిలో తాళం వేస్తున్నాడు. ఆయన తాత గ్రామఫోను పలకలు అమ్మాడు, తండ్రి రేడియోలు అమ్మాడు, ఈయన టేప్‌రికార్డర్లు అమ్ముతున్నాడు. మంచి పాట చెవిన పడితే ముందున్న అన్నం చల్లారిపోయినా చూడడని ఆయన భార్య నాగమణమ్మ వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంటుంది. లీలమ్మ ఆ దుకాణంలోని రేడియోలకూ టేప్‌రికార్డర్లకూ పూల గుడ్డతో కవర్లు కుడుతుంది. ఇవాళ పిలిచింది మాత్రం హెడ్‌ఫోన్లకు మఖ్మల్ సంచులు కుట్టడానికి. బొంబాయి నుంచి మూడు జతలు వచ్చాయి. సాయంత్రం అసర్ నమాజు అయ్యాక నూర్‌ఖాన్ బజార్ డాక్టర్ సాబ్ వచ్చి మూడూ విని ఒకటి ఏరుకుంటాడు. మిగిలిన రెండూ ఆ సంచుల్లోనే తిరిగి బొంబాయికి పోతాయి.

“కొలతలు తర్వాత తీసుకుందువు గని, ముందు విను లీలమ్మా. దేనికి బట్ట కుడుతున్నవో నీకు తెల్వాలె గద” అని ఆయనే బలవంతంగా తగిలించాడు. ఆయనకు తెలియనిది ఒకటి ఉంది. ఆమె చేతిసంచిలో, కత్తెరకూ దారం ఉండలకూ అడుగున, ఒక క్యాసెట్ ఉంది. ఈ జతల సంగతి నాగమణమ్మ నోట విన్నప్పటి నుంచీ దాన్ని రోజూ సంచిలో వేసుకుని తీసుకొస్తోంది, రోజూ తీయకుండానే ఇంటికి తీసుకుపోతోంది.

ఇది జపాన్ జత. పాట పాడుతున్న ఆమె గొంతు ఎంత మెత్తగా ఉందంటే, పత్తర్‌గట్టిలో పెళ్లి బట్టల దుకాణాల్లో మఖ్మల్ తాను విప్పి ఎదురుగా పరిచినప్పుడు చేయి దానంతట అదే దాని మీదికి పోతుందే, అట్లా మనసు దాని మీదికి పోయింది. అడుగున డోలు దెబ్బలు పప్పు ఉడికినట్టు గుండ్రంగా ఉబ్బి పగులుతున్నాయి. ఏదీ గుచ్చుకోదు, ఏదీ బయటికి పొడుచుకురాదు. సేటు క్యాసెట్ మార్చి కవాలీ వేశాడు. కవాలీకి మఖ్మల్ నప్పలేదు. చప్పట్లు కొట్టేవాళ్లు ఎంతమందో తెలియలేదు, అన్ని చేతులూ కలిసి ఒకే దిండు మీద కొట్టినట్టుంది. “ఎట్లున్నది?” అని ఆయన పెదవులు అడిగాయి. “మఖ్మల్ లెక్కున్నది సేటూ” అంది, తన గొంతు తనకే వినబడక మరీ గట్టిగా. వీధిలో పోయేవాళ్లు తిరిగి చూశారు. ఆయన పడీ పడీ నవ్వాడు. “లొల్లి జెయ్యకమ్మా, నీకొక్కదానికే వినబడుతలేదు, బజారంత వింటున్నది!”

రెండోది అమెరికా జత. బరువు, తల మీద నీళ్లబిందె పెట్టుకున్నట్టు. దీంట్లో మర్ఫా వేశాడు. బార్కస్ వాళ్లు పెళ్లిళ్లలో వాయిస్తారే ఆ దరువు. ఒక్కో దెబ్బ చెవిలో కాదు, రొమ్ములో పడింది. అబ్బ, ఇది గుడారం గుడ్డ, గాలివానకు కూడా చిరగదు, సూది విరగాల్సిందే గాని గుడ్డ తగ్గదు. దరువుకు దీన్ని మించింది లేదు అనుకుంది. కవాలీలో చప్పట్లు ఇప్పుడు చిటపటమని విడివడ్డాయి, కాని హార్మోనియం గొంతు చించుకుని అందరినీ తోసుకుంటూ ముందుకొచ్చింది, పెళ్లిలో మగపెళ్లివారి మేనమామ లాగా. ఆమెకు నవ్వొచ్చింది. నవ్వుతూనే, పెళ్లి అన్న మాట దగ్గర మనసు కాలుజారింది. దబీర్‌పురా రైలుగేటు దగ్గర ఊరేగింపు ఆగడం, గ్యాసుదీపాలు తల మీద మోసే ఆడవాళ్లు ఒకరి భుజం ఒకరికి తగలకుండా నిలబడటం, ఎర్ర కోట్ల మీద బంగారు జరీ పట్టీలతో బాలనర్సింహ మాస్టర్ బ్యాండు. మధ్యలో క్లారినెట్ ఎత్తి పట్టుకున్న మాస్టర్. ఆయనకు రెండు పక్కలా రెండు క్లారినెట్లు. ఎదుట నిలబడి చూసేవాళ్లకు ఎడమ పక్కన అంజన్, కుడి పక్కన తన మొగుడు ఇశ్రాయేలు. ఆ ఇద్దరి బుగ్గలూ ఉబ్బుతాయి, ఆ ఇద్దరి వేళ్లూ ఆడతాయి. అయితే ఊదేది మాత్రం ఒక్కడే. ఇది దబీర్‌పురాలో అందరికీ తెలిసిన సంగతి. పెళ్లివాళ్లు మనుషుల్ని లెక్కపెట్టి బ్యాండును మాట్లాడుకుంటారు గనుక ప్రతి బ్యాండులోనూ కోటు తొడిగి, బాజా పట్టించి, ఊరికే నిలబెట్టే మనుషులు కొందరుంటారు. వాళ్లను ఖాళీ వర్దీ అంటారు. మాస్టర్ పక్కనున్న ఇద్దరిలో ఖాళీ వర్దీ ఎవరు అన్నదే ఎవరికీ తెలియదు. తెలియదు అనేది మర్యాదకు. ఇశ్రాయేలే అని అందరూ అనుకునేవారు.

ఎందుకనుకోరు? అంజన్‌ను కూర్చోబెట్టి అడిగితే ఏ పాటైనా ఊదేస్తాడు. ఇశ్రాయేలును క్రిస్మసుకు చర్చిలో ఒక్క పాట ఊదమంటే తల గోక్కుని నవ్వేవాడు. ఇంట్లో ఎన్నడూ పాట సాధన చేయలేదు. పొద్దున్నే ముంతలో నీళ్లు పెట్టుకుని బొప్పాయి కాడతో బుడగలు ఊదుకుంటూ కూర్చునేవాడు, అంతే. వాడకట్టు పిల్లలు చుట్టూ చేరి “ఇశ్రాయేలు మామ నీళ్లకు పాట నేర్పుతున్నడు!” అని ఎగిరేవాళ్లు. ఆయన పోయాక ఆదరణ కూడికలో పాస్టరు గారు, ఈ సహోదరుడు తన వాద్యంతో దేవుణ్ణి స్తుతించాడు అనగానే, అన్నం వడ్డిస్తున్న తోడికోడలు సుందరమ్మ గంటె ఆపి, “ఊదిండో, ఉత్తగ బుగ్గలుబ్బిచ్చిండో యేసయ్యకే ఎరుక” అంది. నలుగురూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. లీలమ్మకు ఆ నవ్వు చెవుల్లోంచి పోలేదు. చనిపోయిన మనిషి మంచివాడా చెడ్డవాడా అన్నది కాదు, తాగుబోతా కాదా అన్నది కాదు. ఇన్నేళ్లు రాత్రిళ్లు కాళ్లు వాచి ఇంటికొచ్చి, కోటు జాగ్రత్తగా మడతపెట్టి పడుకున్న ఆ మనిషి, ఉన్నాడా లేడా? ఆ పాటల్లో ఎక్కడైనా ఉన్నాడా?

“ఇగ అసలుది” అని సేటు మూడో జత తీశాడు. జర్మనీది. చూడటానికి ఏమీ లేదు. సన్నటి పట్టీ, రెండు పక్కలా పసుపుపచ్చ స్పాంజి బిళ్లలు, పిల్లల ఆటవస్తువులాగా. తగిలించుకుంటే బజారు పోలేదు, రిక్షా గంట వినబడుతూనే ఉంది. ఆమె ముఖంలోని అనుమానం చూసి ఆయన చేయి ఊపాడు. “దీనికి దర్వాజ లేదు లీలమ్మా. బయటి లొల్లి లోపలికొస్తది. కని లోపటిది ఒక్కటి గూడ దాయదు. ఆగు.” వీణ వేశాడు. తీగ మోగడానికి ముందు తీగ మీద గోరు రాసుకున్న చప్పుడు వచ్చింది. లీలమ్మ ఊపిరి బిగపట్టింది. తర్వాత గజల్ వేశాడు. పాడే ఆయన చరణం ఎత్తుకునే ముందు పెదవులు తడుపుకున్నాడు, అది కూడా వినబడింది. కవాలీలో చప్పట్ల మధ్య ఒక చేతికి ఉంగరం ఉందని తెలిసింది. హార్మోనియం తన చోట తాను కూర్చుంది, పక్కవాడు తన చోట, వెనక కూర్చున్న ముసలాయన సన్నటి గొంతు తన చోట. సేటు దగ్గర ఎక్కడిదో క్రైస్తవ గీతాల క్యాసెట్ కూడా ఉంది, ఆమె కోసమని అదీ వేశాడు. పాడేవాళ్లందరిదీ ఒక్క గొంతే అని ఇన్నాళ్లూ అనుకుంది. కాదు. ఒకామెకు జలుబు చేసింది. ఇంకొకామె పొద్దుట ఏడ్చినట్టుంది. ఇది మల్మల్, పల్చటి మల్మల్, వెనక చెయ్యి పెడితే గీతలు కూడా కనబడతాయి. డోలు మాత్రం దీంట్లో చిక్కిపోయింది, మర్ఫాకు ఇది పనికిరాదు, నిజమే. కాని ఇంత విడివిడిగా, ఇంత ఓపికగా, ఎవరి చోటు వాళ్లకిచ్చి వినిపించేది లోకంలో ఒకటుందా!

చర్చి వెనక సాయంత్రం బడిలో పాస్టరమ్మ పలక చేతికిచ్చిన రోజులు గుర్తుకొచ్చాయి. అంతకు ముందు దుకాణాల మీది బోర్డులు ఆమెకు ముగ్గుల్లాంటివి, బాగుండేవి, అంతే. తలకట్టు వేరు, కొమ్ము వేరు, ఒత్తు వేరు అని తెలుస్తున్న కొద్దీ ఒకనాడు మదీనా చౌరస్తా దగ్గర బస్సు దిగి తల ఎత్తేసరికి బోర్డు మీద చిక్కుపడిన గీతలు వాటంతటవే విడివడి, ఒక్కొక్కటీ తన పేరు తాను చెప్పుకున్నాయి. నడిరోడ్డు మీద నిలబడి “బట్టల దుకాణం” అని పైకి చదివింది. వెనక రిక్షావాడు తిట్టాడు. ఆ తిట్టు కూడా తియ్యగానే ఉంది. ఇది కూడా అట్లాంటిదే. చూస్తే ముద్దగా ఉన్న దానిలో అక్షరాలు ఉంటాయి. అయితే ఒక భయం కూడా ఉంది. చదవడం వచ్చాక, లేని అక్షరం లేదనే తెలుస్తుంది.

సంచిలోని క్యాసెట్ వాళ్ల వాడకట్టు రామ్‌చందర్ ఇచ్చింది. దుబాయి నుంచి టూ-ఇన్-వన్ తెచ్చుకుని, తమ్ముడి పెళ్లిలో దాన్ని ఇంటి అరుగు మీద పెట్టి బ్యాండు వాయించిందంతా పట్టాడు. ఇశ్రాయేలు నిలబడిన ఆఖరి పెళ్లి అది. ఆయన పోయాక, “నీ దగ్గరుండనీ వదినా” అని తెచ్చి ఇచ్చాడు. బ్యాండులో పెద్ద డోలు కొట్టే సీమోను ఇంట్లో ఒక చిన్న డబ్బా మీద ఒకసారి వింది. రేకుల మీద వాన పడ్డట్టుంది. అందులో ఆయన ఉన్నాడని గాని, లేడని గాని అనడానికి లేదు. ఆ ముద్దలోనే ఎక్కడో ఉన్నాడనుకుని క్యాసెట్‌ను పెట్టెలో చీరల మడతల్లో దాచింది. ఇప్పుడు ఈ మల్మల్‌లో వేస్తే ముద్ద ముద్దగా ఉండదు. ఉంటే ఉన్నట్టు, లేకుంటే లేనట్టు. సేటు గడియారం వంక చూశాడు. మక్కా మసీదు నుంచి అసర్ అజాఁ మొదలైంది. ఇవాళ తర్వాత ఈ జత ఉంటుందో పోతుందో. చేయి సంచిలోకి పోయింది, కత్తెర కొన గుచ్చుకుంది, క్యాసెట్ బయటికొచ్చింది.

“ఇది జర వెయ్యి సేటూ. మా ఇంటాయన ఉన్నడు అండ్ల” అంది. “ఉన్నడనుకుంటున్న” అని అనబోయి ఆగింది.

“మాస్టర్ బ్యాండా!” ఆయన ముఖం విప్పారింది. “అరె, ముందుగాల చెప్పొద్దా! నా పెండ్లికి గూడ ఆయనే. లాల్ దర్వాజ కాడికెల్లి మా ఇంటి దాక ఒక్క సుర్ మీద తోల్కొచ్చిండు. ఆయనకు ఊపిరి తీసే అలవాటే లేదమ్మా!”

క్యాసెట్ తిరిగింది. ముందు పిల్లల అరుపులు, ఎవరో దగ్గడం, గుర్రం గిట్టలు రాళ్ల మీద. తర్వాత బ్యాండు లేచింది. ఒక్కసారిగా ఎర్రకోట్లు దుకాణంలోకి వచ్చి ఆమె చుట్టూ అర్ధచంద్రంగా నిలబడ్డట్టయింది. ట్రంపెట్లు వెనక, పళ్లేల తాళాలు పైన, మధ్యలో నున్నగా, నూనె పట్టించిన కర్రలాగా మాస్టర్ క్లారినెట్. పెళ్లికొడుకు గుర్రం దిగే చోట మాస్టర్ ఎప్పుడూ ఒక సుర్, ఒకే ఒక్క స్వరం, ఎత్తి పట్టి నిలబడతాడు. జనం చేతులు పైకి లేచేది అక్కడే, డబ్బులు గాలిలో తిరిగేది అక్కడే. ఆ సుర్ వచ్చింది. నిలబడింది. ఇంకా నిలబడింది. అప్పుడు, ఆ నిలబడిన దాని నడుమ, చిన్నగా ‘స్స్’మని ఒక చప్పుడు. ఊపిరి. మాస్టర్ ఊపిరి తీశాడు. తీసినప్పుడు క్లారినెట్ ఆగాలి కదా, ఆగలేదు. అదే సుర్, వెంట్రుక వాసి సన్నగా, మరో చోటు నుంచి వస్తోంది. మళ్లీ మాస్టర్ వచ్చి కలిశాడు, రెండోది తప్పుకుంది. సూదిలో దారం అయిపోయినప్పుడు కొత్త దారాన్ని పాత దాని పక్కనే రెండు పోట్లు నడిపించి, తర్వాత పాతదాన్ని వదిలేస్తారు, పైనుంచి చూసేవాళ్లకు కుట్టు ఒకటే. అట్లా ఉంది. రెండోది వచ్చింది ఎడమ పక్క నుంచి.

ఎడమ. అంజన్ పక్క. లీలమ్మ కళ్లు మూసుకుంది. అయితే సరే. సుందరమ్మ నవ్వే నిజం. సరే, పోనీ, కాళ్లు వాచిన మాట నిజమే కదా, నిలబడిన మాట నిజమే కదా, నిలబడటం కూడా పనే కదా అని మనసు తనకు తాను సర్దిచెప్పుకుంటూ ఉండగా, ఏదో తేడాగా తగులుతోంది. తప్పు కుట్టిన జేబులోకి చేయి పోయినట్టు. డోలు. సీమోను పెద్ద డోలు కుడి చెవిలో మోగుతోంది. సీమోను ఏనాడూ కుడి పక్కన నిలబడలేదు. అంజన్‌నూ సీమోనునూ విడదీయడం మాస్టర్ వల్ల కూడా కాలేదు, ఇద్దరికీ ఒకే బీడీకట్ట. అంజన్ ఎడమ పక్కనుంటే సీమోనూ ఆ పక్కనే ఉండాలి గదా. ఆమె కళ్లు తెరిచి బిళ్లల మీద చేతులు వేసింది. సేటు నుదురు కొట్టుకుంటున్నాడు.

“ఏందమ్మా, ఉల్టా పెట్టుకున్నవ్! గీ అక్షరం కుడి చెవికి, గిది ఎడమ చెవికి. నేను గూడ చూడలే.”

ఆమెకు వచ్చినవి తెలుగు అక్షరాలు. పట్టీ మీద ఉన్న ఆ చిన్న ఇంగ్లీషు అక్షరాలు ఇంకా ముగ్గులే. జతను తిప్పి పెట్టుకుంది. ఆయన టేపు వెనక్కి తిప్పాడు. గుర్రం గిట్టలు. దగ్గు. డోలు ఎడమకు పోయి, అంజన్ పక్కన చేరింది. సుర్ ఎత్తుకుంది, నిలబడింది, ‘స్స్’మంది, కుడి పక్క నుంచి, ఎన్నాళ్లుగానో నిలబడిన చోటి నుంచే, ఇశ్రాయేలు వచ్చాడు.

ఎంత మెల్లగా వచ్చాడు! చీకట్లో పడుకున్న వాళ్లను లేపకుండా ఇంట్లోకి వచ్చినట్టు వచ్చాడు. ఎక్కడ మొదలయ్యాడో మల్మల్‌లో కూడా సరిగ్గా దొరకలేదు. ముంతలో నీళ్లు గుర్తుకొచ్చాయి, బొప్పాయి కాడ. ఆయన ఊదింది పాట కాదు, నీళ్లలోకి చప్పుడు కాకుండా దిగడం. మొదటి బుడగ గట్టిగా పగిలితే తల అడ్డంగా ఊపి మళ్లీ మొదలుపెట్టేవాడు. ముంత అంచు దాకా నీళ్లు వణికేవి, చప్పుడు మాత్రం ఉండేది కాదు. పక్కన కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతూ తాను ఎన్ని పొద్దులు చూసింది! ఎవరికీ వినబడకూడదన్న పనిని అంత శ్రద్ధగా ఎవరు నేర్చుకుంటారు? క్యాసెట్‌లో ఆ సుర్ మళ్లీ ఊపిరి మార్చుకుంది, మళ్లీ మళ్లీ మార్చుకుంది, ప్రతిసారీ ఆయన వచ్చి నిలబెట్టి, మాస్టర్ చేతికి అప్పగించి పక్కకు జరిగాడు. జనం “శభాష్ మాస్టర్!” అని అరవడం వినబడుతోంది. ఆ అరుపు కింద కూడా ఆయన ఊదుతూనే ఉన్నాడు. ఆయన పోయిన తర్వాత మాస్టర్ వచ్చి, గడపలో చాలాసేపు తల వంచుకుని కూర్చుని, క్లారినెట్ అడిగి తీసుకుపోయాడు. అప్పటి నుంచి గుర్రం దిగే చోట ఆ సుర్ మీద నిలబడటం మానేశాడు. వయసైందన్నారు, దమ్ము తగ్గిందన్నారు. తగ్గిన దమ్ము ఎవరిదో గడపలో కూర్చున్న ఆయనకొక్కడికే తెలుసు. ఇప్పుడు లీలమ్మకు తెలుసు. నాకు కూడా చెప్పలేదేమయ్యా అని లోపల చిన్నగా ఒక ముల్లు గుచ్చుకుంది. చెబితే మాస్టర్ ఊపిరి తీస్తాడన్న సంగతి కూడా చెప్పినట్టే కదా. తన దగ్గర చెప్పాక సుందరమ్మ దగ్గర ఎన్నాళ్లు దాగేది? సుందరమ్మ వడ్డన దగ్గర అన్న మాటకు తాను అప్పుడే జవాబిచ్చేసి ఉండేది. ఇప్పుడు కూడా ఇవ్వచ్చు. ఈ క్యాసెట్, ఈ జత, ఆ ‘స్స్’ చాలు. నాలుక చివరిదాకా వచ్చింది.

“సలామలేకుమ్, వైకుంఠం సేట్!” డాక్టర్ సాబ్ మెట్లెక్కాడు. తెల్ల షేర్వాణీ, చెవుల మీద నెరిసిన వెంట్రుకలు. “క్యా సునా రహే హో?”

“ఆయియే సాబ్! మన దబీర్‌పురా మాస్టర్ బ్యాండు. కవాలీ తర్వాత వినుండ్రి, ముందుగాల ఇది వినుండ్రి. ఈ సుర్ చూడుండ్రి, ఎక్కడన్న ఊపిరి తీసిండా!” అంటూ సేటు ఆమె తల మీది నుంచి మెల్లగా జతను తీసి, అక్షరాలు చూసి, ఆయనకు తగిలించాడు. పసుపు స్పాంజి ఆమె చెవుల వేడితోనే ఆయన చెవుల మీదికి పోయింది. టేపు వెనక్కి తిరిగింది. లీలమ్మ కొలత టేపును జపాన్ జత చుట్టూ పట్టుకుని నిలబడింది, ఎంతో చూడలేదు. డాక్టర్ సాబ్ ముఖమే చూస్తోంది. విని కనిపెట్టేస్తాడా? గజల్ పాడేవాడి పెదవుల తడి వినే మనిషి ఆయన. సుర్ మొదలై ఉంటుంది. ఇప్పుడు నిలబడి ఉంటుంది. ఇదిగో, ఇప్పుడు ఊపిరి. ఆమె గుప్పిట బిగుసుకుంది. డాక్టర్ సాబ్ కళ్లు మూసుకున్నాడు, తల పక్కకు వాల్చాడు, కుడి చేయి తెలియకుండానే పైకి లేచి గాలిలో ఆగింది.

“వాహ్!” అన్నాడు. “క్యా దమ్ హై మియాఁ! క్యా దమ్ హై!”

లీలమ్మ తల వంచుకుని కొంగు భుజం మీదికి సర్దుకుంది, ఇంటాయనను నలుగురిలో ఎవరైనా పొగిడినప్పుడు ఆడవాళ్లు సర్దుకునేటట్టు.

“చూసినవా లీలమ్మా” అన్నాడు సేటు, గర్వంగా, ఆ ఊపిరి తన సొంతమే అయినట్టు. “గట్ల ఊదాలె అంటె మాటలా?”

“మాటలు గావు సేటూ” అంది ఆమె. “మస్తు ఊదిండు.”

ఊదింది ఎవరో మాత్రం చెప్పలేదు. చాకుపీసు తీసుకుని మఖ్మల్ మీద గీత గీయడం మొదలుపెట్టింది. మిగిలిన రెండు జతల కొలతలూ ఇంకా తీయనే లేదు. పసుపు స్పాంజి జతను డాక్టర్ సాబ్ తన చెవుల మీద నుంచి ఇప్పుడే తీసేలా లేడు. దాని సంచి కొలత మాత్రం చూడకుండానే చేతికి వచ్చేసింది.